కన్సోల్‌లో చీమలంత అక్షరాలు, సరైన పాస్‌వర్డే తప్పంటున్న లాగిన్: 14 మెషీన్లనూ కమాండ్ లైన్ నుంచే సరిచేయడం ఎలా?

రాత్రి_ల్యాబ్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను ఒక ల్యాబ్‌లో 14 డెబియన్ లినక్స్ మెషీన్లు చూసుకుంటున్నాను. ఈ బాధ్యత నాకొచ్చి రెండు నెలలే అయింది. దేంట్లోనూ గ్రాఫికల్ డెస్క్‌టాప్ లేదు, పనంతా నా ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) మీదే జరిగిపోతుంది. అందుకే ఇన్నాళ్లూ వాటి మానిటర్ల వైపు చూడాల్సిన అవసరమే రాలేదు.

పోయిన వారం నెట్‌వర్క్ స్విచ్ పాడైంది. ఇక ఒక్కో మెషీన్ ముందూ కూర్చుని నేరుగా లాగిన్ కావాల్సి వచ్చింది. అప్పుడు రెండు సమస్యలు బయటపడ్డాయి.

మొదటిది అక్షరాల సైజు. మానిటర్లు 4కే. బూట్ అయ్యేటప్పుడు మొదటి కొన్ని క్షణాలు అక్షరాలు పెద్దగా, హాయిగా కనిపిస్తాయి. అంతలోనే ఉన్నట్టుండి చీమలంత అయిపోతాయి. నాకు చూపు కొంచెం తక్కువ. తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చదివాను. గంటకే తలనొప్పి పట్టుకుంది.

రెండోది ఇంకా కష్టం. ఐదు మెషీన్లలో నా పాస్‌వర్డ్ తీసుకోలేదు. అదే పాస్‌వర్డ్ అంతకుముందు రోజు ఎస్‌ఎస్‌హెచ్‌లో పనిచేసింది. స్విచ్ మార్చాక మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రయత్నిస్తే చక్కగా పనిచేసింది. కన్సోల్‌లో, అంటే మెషీన్ సొంత తెర, కీబోర్డ్ దగ్గర మాత్రం ఎన్నిసార్లు కొట్టినా తప్పంటుంది. ఎవరైనా మెషీన్లలోకి చొరబడ్డారేమోనని ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. పాస్‌వర్డ్‌లో ఒక ఎట్ గుర్తు, ఒక హ్యాష్ గుర్తు ఉన్నాయి, పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

కన్సోల్-సెటప్, కీబోర్డ్-కాన్ఫిగరేషన్ అనే ప్యాకేజీలు ఇవన్నీ చూసుకుంటాయని చదివాను. మూడు మెషీన్లలో అసలు అవి లేవు. అన్నిటికీ ఒకేసారి పెట్టేద్దామని ఒక లూప్ రాసి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌ను హైఫన్ వై ఆప్షన్‌తో నడిపాను. లేఅవుట్ ఎంచుకోమంటూ ఒక తెర వచ్చి ఆగిపోయింది. ఏమీ తోచక కంట్రోల్ సీ కొట్టాను. ఇప్పుడు ఆ మెషీన్‌లో ఏ ప్యాకేజీ పెట్టబోయినా డీపీకేజీ (ఆప్ట్ వెనక ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయిందని ఎర్రర్ వస్తోంది.

దయచేసి కారణం కూడా చెప్పండి. కమాండ్ ఒక్కటే ఇస్తే ఇవాళ్టికి గడుస్తుంది కానీ, రేపు ఇంకో మెషీన్ వస్తే మళ్లీ మీ దగ్గరికే రావాలి.


నల్లతెర జవాబు:

ఫాంట్ కోసం సెట్‌ఫాంట్ అనే కమాండ్ ఉంది. ఫాంట్ ఫైళ్లు /యూఎస్‌ఆర్/షేర్/కన్సోల్‌ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో టెర్మినస్ 32x16 అని ఉన్న ఫైల్ పేరు ఇచ్చి చూడండి, వెంటనే పెద్దదవుతుంది.


రాత్రి_ల్యాబ్:

థాంక్స్ అండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ప్రయత్నించాను. కన్సోల్‌కు సంబంధించిన ఫైల్ డిస్క్రిప్టర్ దొరకలేదని ఎర్రర్ వచ్చింది. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపితే ఎర్రర్ లేదు, నా తెర మీద మార్పూ లేదు. తర్వాత మెషీన్ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ అక్షరాలు పెద్దవైపోయి ఉన్నాయి! రీబూట్ చేస్తే మళ్లీ మామూలే.


పాత_టెర్మినల్ జవాబు:

రాత్రి_ల్యాబ్ గారూ, మీరు చివర చెప్పిన ఆ ఒక్క విషయంలోనే సగం జవాబు ఉంది. మీ తెర మీద మారలేదు, మెషీన్ దగ్గర మారింది. ఎందుకో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను. కమాండ్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి, హైఫన్లూ స్లాష్‌లూ ఉన్నవి ఉన్నట్టే. వేరియబుల్ పేర్లు మాత్రం, ఫైళ్లలో ఉన్నా కమాండ్‌లో ఉన్నా, అన్నీ పెద్దక్షరాలు.

ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్నప్పుడు అక్షరాలను గీసేది మీ ల్యాప్‌టాప్. మీరు కొట్టిన మీట ఏ అక్షరమో తేల్చేదీ మీ ల్యాప్‌టాపే. అవతలి మెషీన్‌కు వెళ్లేది తయారైన అక్షరం మాత్రమే. అక్కడి ఫాంట్‌తో, అక్కడి కీబోర్డ్ లేఅవుట్‌తో దానికి పని లేదు. అదే మెషీన్ ముందు కూర్చుంటే రెండు పనులూ ఆ మెషీన్ కెర్నెల్ (లినక్స్ కేంద్ర భాగం) చేస్తుంది. కన్సోల్-సెటప్ సరిచేసేది ఆ రెండో పరిస్థితినే.

ఇప్పుడు మీ పాస్‌వర్డ్ సంగతి. ఎవరూ చొరబడలేదని దాదాపు నమ్మకంగా చెప్పగలను. ఆ ఐదు మెషీన్లను ఇన్‌స్టాల్ చేసిన వాళ్లు లేఅవుట్ దగ్గర బ్రిటిష్ కీబోర్డ్ ఎంచుకుని ఉంటారు. ఆ లేఅవుట్‌లో షిఫ్ట్ పట్టుకుని 2 కొడితే ఎట్ గుర్తు రాదు, డబుల్ కోట్ వస్తుంది. షిఫ్ట్ 3 కొడితే హ్యాష్ బదులు పౌండ్ గుర్తు వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు కాబట్టి మీకు తెలిసే దారి లేదు. అక్షరాలూ అంకెలూ రెండు లేఅవుట్లలో ఒకేలా ఉంటాయి, అందుకే యూజర్ పేరు దగ్గర అనుమానం రాలేదు.

దీన్ని తేల్చుకోవడం తేలిక. లాగిన్ అని యూజర్ పేరు అడిగే చోట కొట్టింది కనిపిస్తుంది కదా, అక్కడ షిఫ్ట్ 2, షిఫ్ట్ 3 కొట్టి చూడండి. చూశాక బ్యాక్‌స్పేస్‌తో చెరిపేయండి. పాస్‌వర్డ్ మొత్తాన్ని మాత్రం అక్కడ కొట్టకండి. పొరపాటున ఎంటర్ నొక్కితే విఫలమైన లాగిన్ కింద అది లాగ్‌లోకి ఎక్కే ప్రమాదం ఉంది.

ముందు మధ్యలో ఆగిపోయిన మెషీన్‌ను లేపుదాం. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ. ఇది సగంలో ఉన్న ప్యాకేజీల కాన్ఫిగరేషన్‌ను పూర్తి చేస్తుంది. లేఅవుట్ తెర మళ్లీ రావచ్చు. ఈసారి కంగారు పడకుండా బాణం మీటలతో ఎంచుకుని, ట్యాబ్ కొట్టి, ఓకే మీద ఎంటర్ నొక్కండి.

అసలు ఎందుకు ఆగింది? హైఫన్ వై అనేది ఆప్ట్ అడిగే ప్రశ్నకు మాత్రమే జవాబు. కొనసాగించాలా అని అడుగుతుందే, అది. లేఅవుట్ ప్రశ్న అడిగింది ఆప్ట్ కాదు, డెబ్‌కాన్ఫ్, అంటే ప్యాకేజీల సెట్టింగుల గురించి ప్రశ్నలు అడిగే భాగం. దాన్ని మాట్లాడకుండా ఉంచాలంటే డెబియన్_ఫ్రంట్‌ఎండ్ అనే వేరియబుల్‌కు నాన్‌ఇంటరాక్టివ్ అనే విలువ ఇవ్వాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. వేరియబుల్‌ను సుడోకు ముందు పెడతారు. సుడో మామూలుగా మన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను లోపలికి పోనివ్వదు. కాబట్టి సుడో తర్వాతే రాయాలి:

సుడో డెబియన్_ఫ్రంట్‌ఎండ్=నాన్‌ఇంటరాక్టివ్ ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ -వై కన్సోల్-సెటప్ కీబోర్డ్-కాన్ఫిగరేషన్

అయితే నోరు మూయించినంత మాత్రాన మీకు కావాల్సిన జవాబు దానికి తెలియదు కదా. డిఫాల్ట్‌గా ఏదుంటే అది పెట్టేస్తుంది. జవాబును డెబ్‌కాన్ఫ్‌కు ముందే చెప్పే పద్ధతి ఒకటి ఉంది, డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ అని. ఇంటర్నెట్‌లో అందరూ దాన్నే సలహా ఇస్తారు. ఈ ప్యాకేజీల విషయంలో నేను దాన్ని వాడను. కారణం ఏమిటంటే, /ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్ ఫైల్ అప్పటికే ఉంటే కాన్ఫిగరేషన్ స్క్రిప్ట్ అందులో ఉన్న విలువలనే చదువుకుని, మీరు డెబ్‌కాన్ఫ్‌కు చెప్పిన జవాబును పక్కన పెట్టేస్తుంది. నేను ఒకసారి పూటంతా దీనితో కుస్తీ పట్టాను. కొత్త మెషీన్లలో పనిచేసిన స్క్రిప్ట్ పాత మెషీన్లలో ఎందుకు పనిచేయట్లేదో అర్థం కాలేదు. ఫైలే అసలు రికార్డు, డెబ్‌కాన్ఫ్ తెర ఆ ఫైల్ రాయడానికి ఒక దారి మాత్రమే అని తెలిశాక నా పద్ధతి మార్చుకున్నాను. ముందు ఫైళ్లు పెడతాను, తర్వాతే ప్యాకేజీ పెడతాను.

ఫైళ్లు రెండే. /ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్‌లో చూడాల్సింది ఎక్స్‌కేబీలేఅవుట్ అనే లైన్. ఆ ఐదు మెషీన్లలో అక్కడ జీబీ అని ఉంటుంది, దాన్ని యూఎస్ చేయండి. ఎక్స్‌కేబీమోడల్ పీసీ105 అని ఉంటే అలాగే వదిలేయండి.

రెండోది /ఈటీసీ/డిఫాల్ట్/కన్సోల్-సెటప్. ఇందులో ఫాంట్‌ఫేస్, ఫాంట్‌సైజ్ అని రెండు లైన్లున్నాయి. మీ దాంట్లో సైజు 8x16 అని ఉండి ఉంటుంది. బూట్ మొదట్లో అక్షరాలు పెద్దగా కనిపించి తర్వాత చిన్నవవడానికి కారణం ఇదే. మీ మానిటర్ రిజల్యూషన్ చూసి కెర్నెల్ తనంతట తాను పెద్ద ఫాంట్ ఎంచుకుంటుంది. కాసేపటికి కన్సోల్-సెటప్ సర్వీస్ లేచి, ఫైల్‌లో రాసినట్టు 8x16 ఎక్కిస్తుంది. 3840x2160 తెర మీద 8x16 అంటే లైనుకు 480 అక్షరాలు, మొత్తం 135 లైన్లు. ఎవరి కళ్లకైనా కష్టమే. మీ చూపు సంగతి చెప్పారు కాబట్టి 16x32 పెట్టండి. 240 అక్షరాలు, 67 లైన్లు వస్తాయి, పనికి ధారాళంగా సరిపోతుంది. మరీ పెద్దవనిపిస్తే 12x24 కూడా ఉంది.

ఫాంట్‌ఫేస్ దగ్గర ఫిక్స్‌డ్ అని ఉంటే తప్పకుండా టెర్మినస్‌గా మార్చండి (మొదటి టీ పెద్దక్షరం). అన్ని ఫేస్‌లలో అన్ని సైజులూ ఉండవు. ఫిక్స్‌డ్‌లో 16x32 లేదు, సైజు మాత్రమే మారిస్తే ఆ ఫాంట్ దొరకదు. ఇంకో చిక్కు, ఈ ఫైల్‌లో వెడల్పు ముందు, ఎత్తు తర్వాత రాస్తాం. నల్లతెర గారు చెప్పిన ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు దానికి తిరగేసి 32x16 అని ఉంటాయి. రెండూ ఒకటే, కంగారు పడకండి.

ఫైళ్లు మార్చాక మెషీన్ ముందు కూర్చుని ఉంటే సుడో సెటప్‌కాన్ అని కొట్టండి చాలు, రీబూట్ అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో అదే కొడితే మనం కన్సోల్ మీద లేము, దాన్ని ముట్టుకోలేదు అని చెప్పి ఊరుకుంటుంది. --ఫోర్స్ అనే ఆప్షన్ ఉంది కానీ, గ్రాఫికల్ డెస్క్‌టాప్ నడుస్తున్న మెషీన్‌లో దాన్ని వాడితే పవర్ బటన్ నొక్కి రీబూట్ చేయాల్సిన పరిస్థితి రావచ్చని మాన్యువల్ పేజీలోనే హెచ్చరిక రాశారు. దూరం నుంచి చేసేటప్పుడు నేను సుడో సెటప్‌కాన్ --సేవ్-ఓన్లీ కొట్టి, మార్పును తర్వాతి బూట్‌కు వదిలేస్తాను.

చివరిగా సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు. బూట్ మొదట్లో, అసలు డిస్క్ తెరుచుకోకముందు వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌ను (ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్) ఇది కొత్తగా తయారుచేస్తుంది. దీన్ని మాత్రం వదిలేయకండి.


నల్లతెర:

నా జవాబులో సెట్‌ఫాంట్ మార్పు తాత్కాలికమని చెప్పాల్సింది, క్షమించండి. పాత_టెర్మినల్ గారూ, ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కమాండ్ నిజంగా అంత అవసరమా? నేనెప్పుడూ కొట్టలేదు, ఇబ్బందీ రాలేదు.


పాత_టెర్మినల్:

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయని మెషీన్ అయితే మీకు తేడా తెలియదు. ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

డిస్క్ తెరవడానికి పాస్‌ఫ్రేజ్ అడిగే సమయానికి /ఈటీసీ ఇంకా ఆ తాళం వెనకే ఉంటుంది. అప్పుడు పనిచేసే లేఅవుట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో దాచిన కాపీ. మీరు ఫైల్ మార్చి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను వదిలేస్తే ఆ కాపీ పాతదే ఉంటుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు వారాల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వస్తుంది. దానితోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కొత్తగా తయారవుతుంది. అప్పుడు లేఅవుట్ మారుతుంది. అప్పటికి మీరు ఈ ఫైల్ సంగతే మరిచిపోయి ఉంటారు.

నాకు సరిగ్గా అదే జరిగింది. బ్రిటిష్ లేఅవుట్‌లో ఉండగా ఇన్‌స్టాలర్‌లో పాస్‌ఫ్రేజ్ పెట్టాను. ఎట్ గుర్తు పెడుతున్నాననుకున్నాను, నిజానికి డబుల్ కోట్ పడింది. రోజూ అదే మీటలు కొడుతున్నాను కాబట్టి తెరుచుకుంటూనే ఉంది. లేఅవుట్ సరిచేసిన నెల తర్వాత ఒక తెల్లవారుజామున అప్‌డేట్ అయ్యి, డిస్క్ తెరుచుకోలేదు. మూడు గంటలు పట్టింది, ఎట్ బదులు డబుల్ కోట్ కొట్టి చూడాలనే ఆలోచన రావడానికి. ఆ డిస్క్‌లో మా టీమ్ ఆరు నెలల పని ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె జారుతుంది.

అందుకే రాత్రి_ల్యాబ్ గారూ, ఎన్‌క్రిప్ట్ చేసిన మెషీన్ ఏదైనా ఉంటే దాన్ని అన్నిటికంటే చివర చేయండి. ముందుగా క్రిప్ట్‌సెటప్‌తో ఇంకో పాస్‌ఫ్రేజ్ జోడించండి, లక్స్‌యాడ్‌కీ అనే సబ్‌కమాండ్ (ఇందులో యాడ్‌లోని ఏ, కీలోని కే మాత్రం పెద్దక్షరాలు). అది అక్షరాలూ అంకెలతోనే ఉండనివ్వండి, గుర్తులేవీ వద్దు. బ్రిటిష్, యూఎస్ లేఅవుట్లలో ఏది వచ్చినా తెరుచుకుంటుంది.


కీమ్యాప్ జవాబు:

నేను ఫెడోరా, ఆర్చ్ అనే వేరే లినక్స్‌లు వాడతాను. ఈ థ్రెడ్ చదివి అక్కడ ఇవే ఫైళ్ల కోసం ఎవరూ వెతకకండి. అక్కడ /ఈటీసీ/వీకన్సోల్.కాన్ఫ్ అనే ఒకే ఫైల్‌లో కీమ్యాప్, ఫాంట్ అని రెండు లైన్లుంటాయి. బూట్‌లో దాన్ని సిస్టమ్‌డీ చదువుకుంటుంది. ఆర్చ్‌లో టెర్మినస్-ఫాంట్ ప్యాకేజీ పెట్టి, ఫాంట్ దగ్గర టీఈఆర్-132ఎన్ అని రాస్తే రాత్రి_ల్యాబ్ గారికి కావాల్సిన సైజే వస్తుంది. లేఅవుట్‌కు లొకేల్‌సీటీఎల్ సెట్-కీమ్యాప్ యూఎస్ చాలు.


రాత్రి_ల్యాబ్:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న మొత్తం దీని మీదే ఉన్నాను.

లాగిన్ దగ్గర షిఫ్ట్ 2 కొడితే డబుల్ కోట్ వచ్చింది! ఐదు మెషీన్లలోనూ అంతే. ఎవరో చొరబడ్డారన్న భయం అక్కడితో పోయింది. ఆ నిమిషంలో కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను.

రెండు ఫైళ్లూ నా ల్యాప్‌టాప్‌లో ఒకసారి సరిగ్గా రాసుకుని, లూప్‌తో అన్నిటికీ కాపీ చేశాను. ప్యాకేజీలు లేని మూడింటిలో ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేశాను, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి సుడో డెబ్‌కాన్ఫ్-షో కీబోర్డ్-కాన్ఫిగరేషన్ వాడాను. ఫైల్‌లో రాసిందే అక్కడా కనిపించింది. ఒక మెషీన్‌లో మాత్రం ఫాంట్ మారలేదు. చూస్తే ఫాంట్‌ఫేస్ ఫిక్స్‌డ్ అని ఉంది, నా కాపీ అక్కడికి చేరనే లేదు, డిస్క్ నిండిపోయింది. పాత లాగ్‌లు తీసేసి మళ్లీ పంపాను.

ఎన్‌క్రిప్ట్ చేసిన మెషీన్ ఒకటుంది. చెప్పినట్టే చివరికి ఉంచి, రెండో పాస్‌ఫ్రేజ్ జోడించి, అప్పుడు మార్చాను. పాత పాస్‌ఫ్రేజ్ తీసుకోలేదు, కొత్తదానితో తెరుచుకుంది. పాత_టెర్మినల్ గారు చెప్పకపోయి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో.

ఇప్పుడు మూడడుగుల దూరం నుంచి చదవగలుగుతున్నాను. ఇంకొక్క చిన్న ప్రశ్న. ఒక మెషీన్‌లో కొన్ని ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టారు. కన్సోల్‌లో అవి డబ్బాల్లా కనిపిస్తున్నాయి. దానికీ ఏదైనా ఫాంట్ పెట్టవచ్చా?


పాత_టెర్మినల్:

చాలా సంతోషం అండి. డిస్క్ నిండిన సంగతి కూడా ఈ వంకతో బయటపడటం మంచిదైంది.

తెలుగు మాత్రం ఈ కన్సోల్‌లో కుదరదు. దాని ఫాంట్‌లో 256 గానీ 512 గానీ బొమ్మలే పడతాయి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ పక్కనున్న అక్షరంతో కలిసి ఆకారం మారతాయి. ఆ కలిపే పని కెర్నెల్ కన్సోల్‌కు రాదు. ఫైల్ పేర్లు లోపల భద్రంగానే ఉంటాయి, గీయడమే చేతకాదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో మీ ల్యాప్‌టాప్ టెర్మినల్ తెలుగు చూపించగలిగితే అక్కడ పేర్లు కనిపిస్తాయి.

మళ్లీ ఎప్పుడైనా నెట్‌వర్క్ లేక కన్సోల్‌లోనే అలాంటి ఫైల్‌ను కదపాల్సి వస్తే ఎల్ఎస్ -ఐ కొట్టండి. ప్రతి పేరు ముందూ ఒక ఐనోడ్ నంబర్ (ఫైల్‌కు సిస్టమ్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వస్తుంది. ఆ ఫోల్డర్‌లోనే ఉండి ఫైండ్ . -ఐనమ్ అని ఆ నంబర్ ఇస్తే ఆ ఒక్క ఫైలే దొరుకుతుంది. దాని వెనక -ఎగ్జిక్ పెట్టి ఎంవీతో ఇంగ్లిష్ పేరు పెట్టుకోవచ్చు. ముందు -ఎగ్జిక్ లేకుండా ఒకసారి నడిపి, ఒకే ఫైల్ వస్తోందో లేదో చూసుకోండి.